తొంభైతో హెచ్చవేయాల్సిందే

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో రమ్మని పిలిచి, వీసా చేతికొచ్చి, కారప్పొడీ గోంగూర పచ్చడీ పెట్టెల్లోకి ఎక్కాక పల్నాటి తల్లిదండ్రులకు ఫోన్లో అందే ఆఖరి జాగ్రత్త ఒకటుంది. "నాన్నా, ఇక్కడికొచ్చాక ప్రతిదాన్నీ తొంభైతో హెచ్చవేసుకుంటూ కూర్చోకు. డాలర్లని రూపాయల్లో చూస్తే ఇక్కడ మంచినీళ్లు కూడా తాగలేం." రేటు అరవై ఉన్న రోజుల్లో అరవైతో వద్దన్నారు. ఎనభై అయ్యాక ఎనభైతో వద్దన్నారు. 2025 డిసెంబరులో డాలరు తొంభై దాటింది కాబట్టి ఇప్పుడు తొంభైతో వద్దంటున్నారు. నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల, గురజాల ఎక్కడ విన్నా ఇదే మాట. పిల్లల దగ్గర్నుంచి పెద్దలకు పాకి, వెళ్లొచ్చిన పెద్దలే వెళ్లబోయే పెద్దలకు ఉపదేశం చేసేదాకా వచ్చింది. సింగపూర్, దుబాయ్ ప్యాకేజీ టూర్లు తిప్పేవాళ్లు కూడా బస్సెక్కగానే మైకులో ఇదే చెబుతారు. లెక్కేసేవాడు పీనాసి, లెక్కెయ్యనివాడు నాగరికుడు అన్నట్టు తయారైంది వ్యవహారం.

నేను ఒప్పుకోను. రూపాయల్లో సంపాదించినవాడు, రూపాయల్లో అప్పున్నవాడు, తిరిగి రూపాయల్లోకే రావాల్సినవాడు పరదేశంలో పెట్టే ఖర్చుని రూపాయల్లో చూసుకోకపోతే ఇంక దేంట్లో చూసుకోవాలి? అందులోనూ డిస్నీ వరల్డ్ లాంటి వినోదాల పార్కుకి వెళ్లేటప్పుడు ఈ ఉపదేశం వింటే చాలా ఖరీదవుతుంది.

ముందు వాళ్ల మాటలో ఉన్న నిజాన్ని వాళ్లకిచ్చేద్దాం. డల్లాస్‌లోనో షార్లెట్‌లోనో కొడుకు ఇంట్లో ఉండగా పాల డబ్బా మీది ధర చూసి గుండె పట్టుకోవడం దండగ. ఆ పాలు అక్కడి జీతంతో కొన్నవి. అమ్మానాన్నలు వచ్చినా రాకపోయినా ఫ్రిజ్‌లోకి చేరేవి. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు చూసి "నరసరావుపేట రైతుబజార్లో ఇంతకి బస్తా వస్తుంది" అని కోడలి చెయ్యి వెనక్కి లాగే మామగారు తానూ తినడు, పిల్లల్నీ తిననివ్వడు. ఆ రోగానికి మందుగా పుట్టిన మాట ఇది. మందుగా బాగానే పనిచేసింది. ఇప్పుడు దాన్ని మూడుపూటలా అన్నంలో కలుపుకుని తింటున్నారు, చిక్కంతా అక్కడుంది. పాలు, కూరగాయలు, ఇంటద్దె బతకడానికి పెట్టే ఖర్చులు. పార్కు టికెట్టు అలాంటిది కాదు. కొనొచ్చు, మానొచ్చు, తగ్గించుకోవచ్చు, వాయిదా వేయొచ్చు. ఎంచుకునే వీలున్న ఖర్చు దగ్గరే లెక్క పనికొస్తుంది. సరిగ్గా అక్కడే లెక్క మానమంటున్నారు.

అంకెల్లోకి వద్దాం. ఫ్లోరిడాలో ఓర్లాండో పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగు పెద్ద పార్కులున్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. 2018 నుంచి అక్కడ టికెట్టు ధర తేదీని బట్టి మారుతుంది. అన్నిటికన్నా చవక పార్కుకి, అన్నిటికన్నా చవక రోజున 120 డాలర్లకు అటూ ఇటూ. క్రిస్మస్ వారంలో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి దాదాపు రెండు వందలు. వేసవి సెలవుల్లో మామూలు రోజుకి 170 అనుకుందాం. పైన ఆరున్నర శాతం అమ్మకపు పన్ను. తలకి 181 డాలర్లు, అంటే 16,290 రూపాయలు. మూడేళ్లలోపు పిల్లలకు ఉచితం. పదేళ్లు నిండితే పెద్దల టికెట్టే. ముసలివాళ్లకు తగ్గింపన్నది లేనే లేదు. పేట బస్టాండులో ఆర్టీసీ బస్సెక్కితే అరవై దాటిన మనిషికి చార్జీలో పావు వంతు తగ్గిస్తారు. మిక్కీ మౌస్‌కి అలాంటి మొహమాటాలు లేవు.

అమ్మా నాన్నా, కొడుకూ కోడలూ, నాలుగేళ్ల మనవరాలు వెళ్లారనుకుందాం. ఐదు టికెట్లకు పన్నుతో కలిపి 900 డాలర్లు. కారు ఆపినందుకు 30 అనుకుందాం. క్యూ తప్పించే లైట్‌నింగ్ లేన్ పాసు మనిషికి ముప్పై వేసుకున్నా 150. తిండికి మనిషికి నలభై చొప్పున 200. మొత్తం 1,280. రూపాయల్లో లక్షా పదిహేను వేల పైచిలుకు. ఇది ఒక్క రోజుకి, ఒక్క పార్కుకి. ఓర్లాండో దాకా విమానం, అక్కడ హోటలు ఇందులో లేవు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడితే కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ ధరకి చూస్తే ఆ ఒక్క రోజు విలువ పది క్వింటాళ్లకు కాస్త తక్కువ. మంచి ఏడాదిలో అర ఎకరంలో పండే ఎండుమిర్చి. కోత కూలీలు, పురుగుమందులు, కౌలు ఇంకా తీసేయలేదు.

ఇది వినగానే కొడుకు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. "అది నీ మిర్చి డబ్బు కాదు నాన్నా, నా జీతం. నేను డాలర్లలో సంపాదిస్తున్నాను, డాలర్లలో ఖర్చు పెడుతున్నాను. మధ్యలో రూపాయెందుకు?" అవతలి పక్షం దగ్గరున్న బలమైన వాదం ఇదే. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

పల్నాడు నుంచి ఎమ్మెస్‌కి వెళ్లిన పిల్లల్లో చాలామంది అప్పు మీదే వెళ్లారు. బ్యాంకులో ఇల్లో పొలమో తాకట్టు, చాలకపోతే ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ. ఉదాహరణకి నలభై లక్షల అప్పు, పదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెలకు ముప్పై అయిదు వేలు వడ్డీకే పోతుంది. పైన చెప్పిన ఒక్క రోజు ఖర్చులో అమ్మానాన్నల వాటా నలభై ఆరు వేలు. అంటే తాకట్టులో ఉన్న ఇంటి మీద నెల వడ్డీ కన్నా ఎక్కువ. ఆ ఇంటి దస్తావేజు ఎవరి పేరున ఉంది? "నా జీతం" అన్న మాట అక్కడికి వచ్చేసరికి కొంచెం మెత్తబడుతుంది. ఇంకో విచిత్రం చూడండి. అదే కొడుకు నెలాఖరుకి ఇంటికి డబ్బు పంపేటప్పుడు ఫోన్లో రేటు పైసలతో సహా చూస్తాడు. ఇవాళ ముప్పై పైసలు తక్కువుంది, ఎల్లుండి పెరుగుతుందేమోనని ఆగుతాడు. పంపేటప్పుడు రూపాయి అంత స్పష్టంగా కనబడుతుంది, పార్కు గేటు దగ్గర మాత్రం కనబడకూడదట. అప్పు తీరిపోయిన ఇంటికి ఇంత బాధ లేకపోవచ్చు. అయినా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ వీసా దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చిన వారం ఎంతమంది ఇళ్లలో నిద్రలేదో ఆ పిల్లల్నే అడగండి. ఏ రోజు ఏ నోటు చేతికి అవసరమవుతుందో తెలియని బతుకులో జీతం డాలరుదే అని తీర్మానించేయడం తొందరపాటు.

సరే, రూపాయిని పక్కన పెడదాం. పూర్తిగా డాలర్ల లెక్కే వేద్దాం. డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరిచినప్పుడు మ్యాజిక్ కింగ్‌డమ్ ప్రవేశ రుసుము పెద్దలకు మూడున్నర డాలర్లు. రైడ్లకు విడిగా కూపన్లు కొనాలి. అప్పట్లో అమెరికా ఫెడరల్ కనీస వేతనం గంటకు డాలరూ అరవై సెంట్లు. రెండు గంటలూ ఇంకాస్త పనిచేస్తే గేటు దాటొచ్చు, కూపన్లకు ఇంకొన్ని గంటలు. ఇప్పుడు ఫ్లోరిడాలో కనీస వేతనం గంటకు 14 డాలర్లు. 181 డాలర్లకు పదమూడు గంటలు పనిచేయాలి. కాబట్టి డాలర్లలో పుట్టి డాలర్లలో పెరిగినవాడికి కూడా ఇది తేలిక ఖర్చేమీ కాదు. అక్కడి మధ్యతరగతి కుటుంబం ఏడాది ముందు నుంచి డబ్బు పక్కన పెట్టుకుంటుంది. ఏ వారం చవకో వెతుకుతుంది. కారు డిక్కీలో శాండ్‌విచ్‌లు కట్టుకుని వెళుతుంది. ఆ డబ్బు సంపాదించే దేశంవాడు లెక్కేసుకుంటూ ఉంటే, అతిథిగా వచ్చిన పల్నాటివాడు లెక్కేయకూడదనడం ఏ న్యాయం?

"వచ్చిందే లక్షన్నర టికెట్టు పెట్టి, ఇంకో లక్షకి వెనకాడతారా?" అన్నది రెండో వాదం. దీన్ని వాదం అనడానికి కూడా నాకు మనసొప్పదు గానీ, ఇళ్లలో గెలిచేది మాత్రం ఇదే. విమానం టికెట్టు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి తలా 185 డాలర్ల వీసా రుసుము, అరవై దాటిన వయసుకి ఆరోగ్య బీమా, ఇవన్నీ మనవరాలిని ఎత్తుకోవడానికి పెట్టిన డబ్బు. అది ముట్టింది, ఫలితమూ దక్కింది. డిస్నీ వేరే ఖర్చు, దాని మంచిచెడ్డలు దానివే. కిందటి ఖర్చు పెద్దది కదా అని ముందటి ఖర్చుని చిన్నదిగా చూడటం మొదలెడితే ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలీదు. పెళ్లిళ్లలో మనవాళ్లు సరిగ్గా ఇలాగే మునుగుతారు.

పైగా లోకమంతా మన డబ్బుని మార్చి చూసుకుంటూనే ఉంది. మన పురావస్తు శాఖనే తీసుకోండి. తాజ్ మహల్ గేటు దగ్గర మనకు యాభై రూపాయలు, విదేశీయుడికి పదకొండు వందలు. సార్క్, బిమ్స్‌టెక్ దేశాలవాళ్లకు మాత్రం అయిదు వందల నలభై. మాచర్ల దాటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లినా ఈ రెండు ధరల పద్ధతే. దానర్థమేమిటి? వచ్చినవాడి డాలరుని మనం రూపాయల్లోకి మార్చి, "వీడు ఇంత ఇవ్వగలడు" అని లెక్కేసి బోర్డు రాశాం. అమెరికా కూడా ఈ మధ్య అదే దారి పట్టింది. 2026 జనవరి 1 నుంచి గ్రాండ్ కాన్యన్, యెల్లోస్టోన్, యోసెమిటీ సహా 11 జాతీయ పార్కుల్లో పదహారేళ్లు నిండిన విదేశీ సందర్శకుడి దగ్గర మామూలు రుసుము మీద ఇంకో వంద డాలర్లు వసూలు చేస్తోంది. డిస్నీ అలా నేరుగా విదేశీయుడి మీద ఎక్కువ వేయదు. ఫ్లోరిడా వాసులకు తగ్గింపు టికెట్లిస్తుంది, వార్షిక పాసుకి నెలవారీ వాయిదాలిస్తుంది. పరాయివాడికి ఆ తలుపులు మూసే ఉంటాయి. ఎలా తిప్పి చూసినా విదేశీ పర్యాటకుడు అన్నవాడు వేరే ఖాతా. గేటులో కూర్చున్నవాడికి ఇది తెలుసు. గేటు బయట నిలబడ్డ మనం మాత్రం మనకి ఖాతాయే లేనట్టు నడుచుకోవాలంటున్నారు.

డబ్బుని డబ్బులా కనబడనివ్వకపోవడం వినోద వ్యాపారంలో పాత విద్య. డిస్నీ 1987 నుంచి 2016 దాకా తన పేరుతోనే నోట్లు అచ్చేసి అమ్మింది. మిక్కీ బొమ్మలున్న డిస్నీ డాలర్లు. అసలు డాలరు ఇచ్చి ఆ నోటు తీసుకుంటే పార్కులో ఖర్చు పెట్టడం ఆటలా ఉంటుంది. చాలామంది వాటిని దాచుకుని ఇళ్లకు పట్టుకెళ్లారు, అదీ కంపెనీకి లాభమే. 2013లో మణికట్టుకి మ్యాజిక్‌బ్యాండ్ వచ్చింది. చెయ్యి ఆనిస్తే చాలు, పర్సు తీయక్కర్లేదు. క్యూ సంగతీ అంతే. 1999లో మొదలైన ఫాస్ట్‌పాస్ టికెట్టు కొన్న ప్రతివాడికీ ఉచితంగా దక్కేది. 2021లో దాని స్థానంలో డబ్బులిచ్చే పద్ధతి వచ్చింది. ఇదివరకు టికెట్టులోనే ఉన్న సౌకర్యాన్ని ఇప్పుడు విడిగా కొంటున్నాం, రద్దీని బట్టి దాని ధర కూడా రోజుకో రకం. ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న కంపెనీకి "రూపాయల్లో లెక్కేయకండి" అన్న మన పిల్లల మాట వినబడితే, ఇంత చవకగా ప్రచారం దొరికిందే అని సంతోషిస్తుంది.

"అన్నీ లెక్కేస్తే ఇంక సరదా ఏముంటుంది?" అంటారు. పల్నాడులో పుట్టినవాడు ఈ మాట అనకూడదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టే ఊళ్లని చూడండి. ఎనభై, తొంభై అడుగుల ప్రభ, దానికి కరెంటు దీపాలు, జనరేటరు, ముందు డాన్సు ప్రోగ్రాం. దాని వెనక చందాల పుస్తకం ఉంటుంది. ఎవరింటికి ఎంత రాశారు, వెదుళ్లకెంత, లైటింగు మనిషికి బయానా ఎంత, కిందటేడు ఎంత మిగిలింది, అంతా అందులో ఉంటుంది. తేడా వస్తే పుస్తకం ముందేసుకుని తిట్టుకుంటారు కూడా. ఆ లెక్క వల్ల ఏ ఊరి ప్రభ కాంతీ తగ్గలేదు. తిరునాళ్లలో అర్ధరాత్రి దాకా నిలబడి మెడలు పైకెత్తి చూసేవాళ్లెవరూ సరదా చచ్చిందని ఫిర్యాదు చేయలేదు. ఖర్చు పెట్టడం తెలియని జనం కాదు మనది. లెక్క తెలిసి ఖర్చు పెట్టే జనం. ఆ అలవాటుని శంషాబాద్ విమానాశ్రయంలో వదిలేసి ఎక్కాలట!

ఇక లెక్కేస్తే ఏం తేలుతుందో చూద్దాం. నా అనుభవంలో, మానేయాలన్న నిర్ణయం చాలా తక్కువసార్లు తేలుతుంది. ఎలా వెళ్లాలో తేలుతుంది.

పెద్దవాళ్ల టికెట్టుతో మొదలుపెడదాం. గట్టిగా కుదిపే ప్రతి రైడు ముందూ ఒక బోర్డుంటుంది. రక్తపోటు, గుండె జబ్బు, నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లు ఎక్కొద్దని. మన అరవై అయిదేళ్ల నాన్నలకు వీటిలో కనీసం రెండుంటాయి. నాలుగేళ్ల పాపకి ఎత్తు చాలదు కాబట్టి చాలా రైడ్లు ఆమెకీ లేవు. చివరికి జరిగేదేమిటంటే కొడుకూ కోడలూ లోపల అరుస్తుంటారు, పదహారు వేల టికెట్టు కొన్న నాన్న బయట ఎండలో నిలబడి స్ట్రాలర్‌నీ బ్యాగుల్నీ కాపలా కాస్తుంటాడు. రోజుకి ఏడెనిమిది కిలోమీటర్ల నడక అదనం. ఒక పార్కు ఒక రోజు చూడటం మంచి అనుభవం. ఆ వీధులు, బొమ్మల కొలువులాంటి ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ ప్రయాణం, రాత్రి కోట మీద బాణసంచా, నిజంగా బాగుంటాయి. కట్టినవాళ్ల పనితనానికి దండం పెట్టాలి. నాలుగో పార్కుకి నాలుగో రోజు వెళ్లేసరికి మోకాళ్లు మాత్రమే మిగులుతాయి. పెద్దవాళ్లకు ఒక రోజు, పిల్లలకు నాలుగు రోజులు అని విడదీసి కొనడానికి అడ్డేమీ లేదు. మిగతా మూడు రోజులు పెద్దవాళ్లు హోటల్లో పడుకోవచ్చు, డిస్నీ స్ప్రింగ్స్‌లో తిరగొచ్చు. దుకాణాలు, సరస్సు, పాటలు ఉన్న ఆ ప్రాంతానికి టికెట్టూ లేదు, కారు ఆపినందుకు రుసుమూ లేదు. "అమ్మానాన్నల్ని హోటల్లో వదిలేసి మేమెళ్లడమా?" అని పిల్లలు నొచ్చుకుంటారు. పెద్దవాళ్లని అడిగి చూడండి, ఎగిరి గంతేస్తారు.

యానిమల్ కింగ్‌డమ్ గురించి ఒక మాట. అక్కడ ఆసియా విభాగంలో ఆనందపూర్ అని ఒక కల్పిత ఊరు కట్టారు. మన గోడల రంగులు, మన గుళ్ల గంటలు, పాడుబడ్డ రాజమహలు, దాని మధ్య తిరిగే పులులు. చూడచక్కగా ఉంటుంది. కానీ విజయపురి సౌత్ దాటగానే నల్లమల అడవి, దేశంలో అతిపెద్దదిగా పేరున్న నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మన గుమ్మంలోనే ఉంది. మాచర్ల మనిషి వేలకు వేలు పోసి రెండు టికెట్లు కొని ఫ్లోరిడాలో కట్టిన ఉత్తుత్తి భారతదేశంలో పులిని చూడటం హాస్యంగా లేదూ? నాలుగింట్లో ఒకటి వదిలేయాలంటే ఏది వదలాలో మాచర్లవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

తేదీల సంగతి లెక్కేసినవాడికే తెలుస్తుంది. మనవాళ్లు ఆరు నెలలుంటారు, బళ్ల సెలవులతో పనిలేదు. మనవరాలు ఇంకా బడికెళ్లకపోతే ఆగస్టు చివర, సెప్టెంబరులో ధరలు బాగా తగ్గుతాయి. వానలూ తుపాన్లూ ఉంటాయన్న మాట నిజమే. వానకి భయపడే జాతి కాదు మనది. పాపకి మూడేళ్లు నిండకముందే వెళితే ఒక టికెట్టు మొత్తం మిగులుతుంది. తిండి మాటకొస్తే, బయటి తిండి లోపలికి తేనిస్తారు. గాజు సీసాలు, మద్యం మాత్రం వద్దంటారు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుని వెళ్లొచ్చు. కౌంటర్లలో అడిగితే ఐసు వేసిన మంచినీళ్లు ఊరికే ఇస్తారు. ఇది తెలియక నాలుగేసి డాలర్లు పెట్టి సీసాలు కొనేవాళ్లూ, పులిహోర పొట్లం విప్పితే ఎవరేమనుకుంటారో అని సిగ్గుపడే పిల్లలూ ఉన్నారు. డిస్నీ వద్దనని పులిహోరని మనమెందుకు వద్దనుకోవాలి?

పక్కన పెట్టి పోల్చి చూడటం కూడా రూపాయల్లోనే సాధ్యం. 1983లో అమెరికా బయట మొదటిసారి తెరిచిన టోక్యో డిస్నీలాండ్‌లో పెద్దల ఒక రోజు టికెట్టు 7,900 నుంచి 10,900 యెన్‌ల మధ్య. మన డబ్బులో నాలుగున్నర వేల నుంచి ఆరున్నర వేల రూపాయలు. యెన్, డాలరు, సింగపూర్ డాలరు వేర్వేరు నోట్లు. వాటిని ఒక కాటా మీదికి తెచ్చేది మనకి రూపాయే. నయాగరా జలపాతం అమెరికా వైపునుంచి చూడటానికి ప్రవేశ రుసుము లేదు, పడవెక్కితేనే టికెట్టు. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియాలు ఉచితం. దారిలో లండన్‌లో ఆగే వీలుంటే బ్రిటిష్ మ్యూజియం కూడా ఉచితమే. మన జిల్లాలోని అమరావతి స్తూపం శిల్పాలు చాలా అక్కడే ఉన్నాయి, వాటిని చూడటానికి అంత దూరం వెళ్లాల్సి రావడం వేరే దుఃఖం. తిరిగొచ్చాక ఊళ్లో "డిస్నీ చూశారా?" అని అడుగుతారన్న బెంగతో టికెట్టు కొనేవాళ్లకు ఇవేమీ గుర్తురావు.

రూపాయల్లోకి మార్చకూడని చోటు ఒకటి నిజంగానే ఉంది. మన బ్యాంకు కార్డు అక్కడి మెషీన్‌లో పెడితే కొన్నిచోట్ల "రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా?" అని తెర మీద అడుగుతుంది. మన రూపాయి కనబడేసరికి పరాయి ఊళ్లో చుట్టం కనబడినట్టు పెద్దవాళ్లు దాన్నే నొక్కుతారు. అక్కడ మాత్రం డాలర్లే నొక్కాలి. ఆ రూపాయి రేటు మెషీన్ వాళ్లు తమ లాభం కలుపుకుని వేసేది. మామూలు కార్డుల మీద మన బ్యాంకు కూడా మూడు, మూడున్నర శాతం విదేశీ మారకం రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తుంది. లక్ష రూపాయల ఖర్చుకి నాలుగు వేలు అలా కనబడకుండా పోతాయి. ఆ రుసుము లేని కార్డు చూసి తీసుకోవాలి. మార్చడం మన బుర్రలో జరగాలి, వాళ్ల మెషీన్‌లో జరక్కూడదు. మన పిల్లలు దీన్ని తలకిందులు చేశారు.

చివరికి మిగిలేది ప్రేమ వాదం. "అమ్మానాన్నలకు చూపించాలని నా కోరిక. దాన్ని కూడా లెక్కేస్తావా?" అంటే ఏ తండ్రికీ నోరు పెగలదు. కానీ అక్కడ జరుగుతున్నది చూడండి. టికెట్లు కొనేసిన తర్వాత, హోటలు బుక్కయ్యాక, "సర్‌ప్రైజ్" అంటూ చెబుతున్నారు. ధర అడిగితే "నీకెందుకు?" అంటున్నారు. జీవితమంతా ఎరువుల కొట్టులో, మిర్చి యార్డులో పైసా పైసా మాట్లాడుకుని ఈ పిల్లల్ని చదివించిన మనిషిని, తన కోసం పెట్టే ఖర్చు ఎంతో తెలుసుకునే అర్హత లేనివాణ్ని చేసి కూర్చోబెడుతున్నారు. పార్కులో ఆ నాన్న మొహం ముడుచుకుని ఉంటే రూపాయల లెక్క వల్లే అంటారు. నాకు మాత్రం తనని అడగనందువల్ల అనిపిస్తుంది. ముందే కాగితం ముందు పెడితే ఆయనే తేలుస్తాడు: "నేనొక రోజొస్తాను, మీ అమ్మ రెండు రోజులొస్తుంది, సెప్టెంబరులో వెళదాం, క్యూ పాసు నాకొద్దు." తనే తేల్చుకున్న ఖర్చు మీద మనిషి సణగడు.

కాగితం మీద రెండు వరసలుండాలి, ఒకటి డాలర్లది, పక్కన రూపాయలది. పెద్దవాళ్లతో కూర్చుని రాసుకోవాలి. టికెట్టు కొనకముందే రాసుకోవాలి. ఎందుకంటే డిస్నీవాళ్లు తేదీ మారిస్తే మారుస్తారేమో గానీ, అమ్మిన టికెట్టుకి డబ్బులు వెనక్కివ్వరు.